పుర్రచేతి పుస్తకం

భూదేవికి పుట్టుకతోనే ఎడమచేతి వాటం. మరాఠీ సీమలోని రాజురా తాలూకాలో ఆమె పుట్టిన తెలుగు ఊళ్లో దాన్ని పుర్రచెయ్యి అంటారు. చిన్నప్పుడు ఆ చేత్తో ముద్ద ఎత్తితే తల్లి చేతిమీద ఒక్కటి వేసేది. బళ్లో గురూజీ పలకబలపాన్ని కుడిచేతిలోకి మార్పించేవాడు. అన్నం తినడం, అక్షరం రాయడం, ఒకరికి బొట్టు పెట్టడం ఎలాగో కుడిచేతికి మప్పుకుంది. కూర తరగడం, పత్తి ఏరడం, ముగ్గు వెయ్యడం లాంటి పనులు మాత్రం ఎడమచేతికే వదిలేసింది. పెళ్లయి భద్రావతికి వచ్చాక అత్తగారు మొదటి రోజే చూసి, "పిల్ల మంచిదే గాని పుర్రచెయ్యి" అని నవ్వింది. ఆ మాటకు భూదేవికి కోపం రాలేదు. అప్పటికి అలవాటైపోయింది.

మొగుడు ప్రేమ్‌కు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పని. వాళ్లకిచ్చిన క్వార్టర్ పక్కనే హిమాచల్ కొండల నుంచి వచ్చిన కమలేశ్ దీదీ ఉండేది. చలికాలం వస్తే చాలు, దీదీ పొద్దున పది గంటల ఎండలో గడపమీద కూర్చుని స్వెటర్ అల్లేది. రెండు సూదులు టకటకలాడుతుంటే ఒళ్లోంచి రంగురంగుల బట్ట దిగుతూ ఉండేది. భూదేవి వారం రోజులు గోడ ఇవతల నుంచి చూసి చూసి, ఇక ఆగలేక, "నాకూ నేర్పు దీదీ" అని అడిగింది.

పక్కన కూర్చోబెట్టుకుని మూడు రోజులు నేర్పింది దీదీ. ఒక్క వరుస కూడా కుదరలేదు. దీదీ చెయ్యి ఇటు తిరిగితే భూదేవి చెయ్యి అటు తిరిగేది. నాలుగో రోజు దీదీ కాసేపు ఆలోచించి, "లే, నా ఎదురుగా వచ్చి కూర్చో. నా కుడిచెయ్యి ఏం చేస్తే నీ ఎడమచెయ్యి అది చెయ్యాలి. అద్దంలో చూసుకున్నట్టు" అంది హిందీలో. ఆ సాయంత్రానికి భూదేవి పది వరుసలు అల్లింది. పుర్రచెయ్యి అన్న మాట దీదీ నోట ఒక్కసారీ రాలేదు.

అలా ఆరేళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. మఫ్లర్లు, శాలువాలు, చేతుల్లేని స్వెటర్లు అన్నీ వచ్చాయి. సూదిమీద ఎక్కించే ఒక్కో ఊలు ఉచ్చును దీదీ ఫందా అనేది, భూదేవికీ అదే మాట నిలిచిపోయింది. మూడేళ్ల కింద దీదీ భర్త రిటైరవడంతో వాళ్లు కొండలకు వెళ్లిపోయారు. భూదేవి తనకు వచ్చినంతలో అల్లుకుంటూ ఉండిపోయింది.

ఈ ఏడు నవంబరులో ప్రేమ్ చెల్లెలు ప్రతిభకు ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. కిలోన్నర కూడా లేదు. చంద్రపూర్ పెద్దాసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ప్రతిభకు తల్లి పోయి రెండేళ్లు అయింది కాబట్టి ఆసుపత్రికి తిరగడం, పత్యం వండి తీసుకెళ్లడం అన్నీ వదినె మీదే పడ్డాయి. రోజూ పొద్దున బస్సెక్కి భద్రావతి నుంచి చంద్రపూర్, సాయంత్రం మళ్లీ వెనక్కి. వెళ్లగానే భూదేవి పిల్లను అద్దంలోంచి చూసేది. అరచేతిలో ఇమిడేంత తల, ఆ తలమీద మొక్కజొన్న పీచులా నాలుగు వెంట్రుకలు.

నెలలు నిండని పిల్లలకు తలలోంచే వేడి పోతుందని, మెత్తటి ఊలు టోపీ తెమ్మని వార్డులో సిస్టర్ చెప్పింది. భూదేవికి ప్రాణం లేచి వచ్చింది. తన చేతనయిన పని ఒకటి దొరికింది కదా అని. రెండు రోజుల్లో పసుప్పచ్చ టోపీ అల్లి, వెనకాల సూదితో కుట్టి పట్టుకెళ్లింది.

సిస్టర్ దాన్ని పిల్లకు తొడిగి, గంట తర్వాత తీసి చూపించింది. పిల్ల తల వెనక, కుట్టు ఒత్తుకున్న చోట, ఎర్రటి గీత.

"చర్మం కాగితంలా ఉంటుంది తాయీ. చాలా బాగా అల్లారు. కానీ కుట్టు లేకుండా గుండ్రంగా అల్లినది తెండి" అంది సిస్టర్ మరాఠీలో, నొప్పించకుండా.

గుండ్రంగా అల్లడం భూదేవికి రాదు. నాలుగు సూదులతో దీదీ మేజోళ్లు అల్లుతుంటే చూసింది గానీ ఎప్పుడూ నేర్చుకోలేదు. ఆ రాత్రే ఫోన్ చేసింది. అవతల దీదీ గొంతు నీరసంగా ఉంది. రెండు కళ్లకూ ఆపరేషన్ అయిందట, ఇంకో నెల దాకా ఫోన్ తెర చూడవద్దన్నారట.

"నా చేతులకు తెలుసు బేటీ, నోటికి తెలియదు. మాటల్లో ఎలా చెప్పను? ఒక మంచి పుస్తకం కొనుక్కో. ఒళ్లో పెట్టుకుని చూసేది. నేను లేనప్పుడు అదే నీ ఎదురుగా కూర్చుంటుంది" అంది.

ప్రేమ్‌కు ఈ పుస్తకాల సంగతి నచ్చలేదు. "పుస్తకమెందుకే, యూట్యూబ్ల సూస్తే అయిపాయె" అని వీడియో ఒకటి పెట్టాడు. అందులో ఆవిడ వేళ్లు మిషన్‌లా పరుగెడుతున్నాయి, అదీ కుడిచేత్తో. దీదీ చెప్పిన అద్దం మాట గుర్తొచ్చి ప్రేమ్ ఫోన్‌ను బీరువా అద్దానికి ఎదురుగా పట్టుకున్నాడు. భూదేవి రెండు చేతులూ ఊలులో ఉండగా, "ఆపు, ఆపు, ఎనకకు జరుపు" అంటుంటే, అతను ఆపేలోపు ఆ వేళ్లు ఇంకో వరుస దాటిపోయేవి. అరగంటకు అతని చెయ్యి గుంజింది, ఆమె కళ్లు తిరిగాయి.

"నీకు పుస్తకమే మంచిది" అన్నాడు చివరికి.

మర్నాడు ఆసుపత్రికి వెళ్తూ బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణంలో అడిగింది. దుకాణదారు వెతికి ఒకటే తీశాడు. అట్టమీద నీలం స్వెటర్ వేసుకున్న తెల్లటి పిల్లవాడు నవ్వుతున్నాడు. లోపల నలభై డిజైన్లు, అన్నిటికీ నున్నటి కాగితంమీద రంగుల ఫొటోలు. మరాఠీలోనే ఉంది, టోపీ కూడా ఉంది. సంతోషంగా కొనుక్కుంది.

ఇంటికొచ్చి తెరిస్తే టోపీ గురించి ఆరు పంక్తులు రాసి ఉన్నాయి. ఇన్ని ఫందాలు ఎక్కించండి, మూడు సూదులమీదికి పంచండి, గుండ్రంగా కలపండి, ఇన్ని అంగుళాలు అల్లండి. ఎలా కలపాలో మాత్రం లేదు. భూదేవి తనకు తోచినట్టు కలిపింది. మూడంగుళాలు అల్లాక చూస్తే అది టోపీ కాదు, మెలిపడిన జిలేబీ. విప్పింది. మళ్లీ అల్లింది. మళ్లీ మెలిక. నాలుగోసారి విప్పేసరికి ఊలు పీచుపీచుగా లేచిపోయింది. పిల్ల తలమీద పెట్టేది కాదది ఇక. ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ తల్లి చేతిమీద కొట్టినట్టు అనిపించింది.

కొత్త ఊలు కోసమని మర్నాడు మధ్యాహ్నం చంద్రపూర్‌లోనే గోల్ బజార్ సందులోకి వెళ్లింది. అక్కడ దారాలు, గుండీలు, లేసులు, ఊలు అమ్మే పాత దుకాణం ఉంది. అనంతరావు, రాజకుమారి అనే మొగుడూపెళ్లాలు నడుపుతారు. అనంతరావు ముత్తాత కరీంనగర్ వైపు నుంచి వర్తకానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ సంగతి భూదేవికి తెలియదు. బజారులో అందరితో మాట్లాడినట్టే మరాఠీలో, చిన్నపిల్లకు తగిన మెత్తటి ఊలు కావాలని అడిగింది.

గల్లాకు ఇవతల పీటమీద కూర్చున్న రాజకుమారి, ఉన్న ఉండలన్నీ ముందు పెట్టింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నుదుటిమీద పెద్ద బొట్టు, నెమ్మది మాట. భూదేవి రంగు పోల్చుకుందామని సంచిలోంచి పాత ఊలు తియ్యబోతే, సూదులూ, వాటికి చుట్టుకున్న పీచు ఊలూ, నలభై డిజైన్ల పుస్తకం అన్నీ గల్లామీద పడ్డాయి.

"థూ, నా పుర్రచెయ్యి పాడుగాను" అంది భూదేవి, తనలో తాను.

రాజకుమారి తలెత్తింది. "మనోళ్లేనా బిడ్డా? ఏ ఊరు మీది?"

తెలుగు మాట వినగానే భూదేవికి మొహం విప్పారింది. ఊరి పేరు చెప్పింది, ప్రతిభ సంగతి చెప్పింది, అద్దాల పెట్టె, ఎర్రటి గీత, నాలుగుసార్లు విప్పిన ఊలు, అన్నీ ఒక్క ఊపున చెప్పేసింది. రాజకుమారి మధ్యలో అడ్డం రాలేదు. అంతా విని, ఎడమచేత్తో ఆ పుస్తకం తెరిచి నాలుగు పేజీలు తిప్పి మూసేసింది.

"ఇది వంట వచ్చినోళ్లకు ఇయ్యాల ఏం వండుదమని చెప్పే పుస్తకం బిడ్డా. పొయ్యి ఎట్ల ముట్టియ్యాలెనో చెప్పేది కాదు. నీ తప్పేం లేదు. నీకు డిజైన్లు గాదు, పద్ధతులు చెప్పే పుస్తకం కావాలె. ఫందాలు ఎట్ల ఎక్కియ్యాలె, గుండ్రం ఎట్ల కలపాలె, జారిపోయిన ఫందా ఎట్ల అందుకోవాలె, గదంత ఉండాలె."

"గసొంటిది దొరుకుతదా కాకూ? నాది ఎడమచెయ్యి. అన్నీ ఉల్టా గావాలె నాకు" అంది భూదేవి, మరాఠీ ఇళ్లలో పిన్నిని పిలిచే పిలుపుతో.

"దొరుకుతది. నాకెరుక."

అప్పుడు చూసింది భూదేవి. రాజకుమారి ఊలు తీసిందీ, పుస్తకం తిప్పిందీ, ఇప్పుడు కాగితంలో ఊలు చుడుతున్నదీ అంతా ఎడమచేత్తోనే. "మీది గూడ పుర్రచెయ్యేనా?" అంది ఆశగా.

"పుట్టినప్పుడు గాదు. దేవుడు రెండేండ్ల కింద జేసిండు" అని, చీర కొంగు కింద ఒళ్లో పెట్టుకున్న కుడిచేతిని రాజకుమారి చూపించింది. పక్షవాతం వచ్చి మూడు నెలలు మంచంలో ఉందట. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఒక వస్తువును ఒత్తి పట్టుకోగలదు, వేళ్లు ఆడించలేదు. అంతకు ముందు నలభై ఏళ్లు అల్లిన చెయ్యి అది. "అప్పుడే నాగపూర్ల మేం ఊలు తెచ్చే సేఠ్‌ను అడిగిన, ఎడమచేత్తోని అల్లిక నేర్పే పుస్తకమున్నదా అని. ఉన్నదన్నడు. గని ఈ వయసుల మళ్ల అ, ఆ దిద్దుడేందని ఊకున్న."

ఇంతలో అనంతరావు లోపలి నుంచి వచ్చి విన్నాడు. రాజకుమారి అతనితో, "సేఠ్‌కు ఫోన్ గొట్టుండ్రి. అల్లిక పద్ధతులవి ఒక్కటి గాదు, ఎన్ని రకాలుంటే అన్ని పంపుమనుండ్రి. వద్దన్నయి మళ్ల పార్సిల్ల పంపుదాం" అంది. భూదేవి వైపు తిరిగి, "అట్ట జూసి కొనకు ఇగ. శుక్రారం రా. సూదులు, ఊలు పట్టుకొని రా. ఈడనే కూసొని అల్లి జూసి, నీ చెయ్యి ఏది ఒప్పుకుంటే అది తీసుకపో" అంది. ఆమె మెట్టు దిగుతుంటే మళ్లీ పిలిచింది. "ఆ పసుప్పచ్చ టోపీ ఉన్నది గద, దాన్ని తిరగేసి తొడుగుమను. కుట్టు బయటికుంటది, తలకు ఒత్తది. అప్పటిదాంక నడుస్తది."

ఇంత చిన్న సంగతి తనకెందుకు తోచలేదో భూదేవికి అర్థం కాలేదు. ఆ సాయంత్రం టోపీ తిరగేసి ఇస్తే సిస్టర్ నవ్వి, ఇప్పటికి సరే అంది. శుక్రవారం దాకా ఎర్రటి గీత మళ్లీ కనిపించలేదు.

శుక్రవారం వెళ్లేసరికి గల్లామీద మూడు పుస్తకాలు వరసగా ఉన్నాయి. రాజకుమారి తన పక్కనే ఇంకో పీట వేయించింది. "ముందుగాల వెనక పేజీ దియ్యి. నీకు కావలసింది నువ్వే ఎతుకు. ఎతికితే దొరకని పుస్తకం ఎంత మంచిదైనా మనకెందుకు?"

మొదటిది మరాఠీ. సన్నగా ఉంది. భూదేవి మనసు చప్పున దానిమీదికే పోయింది, తడబడకుండా చదవగలిగేది అదొక్కటే కాబట్టి. గుండ్రంగా అల్లే పేజీ వెంటనే దొరికింది. అక్కడ రెండు బొమ్మలు. ఒకదాంట్లో ఒక సూదిమీద ఫందాలు, పక్కదాంట్లో మూడు సూదులమీద చక్కగా కలిసిపోయిన వలయం.

"నడిమిట్ల ఏమైంది?" అంది రాజకుమారి.

భూదేవి రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూసింది. మధ్యలో జరగాల్సిందే తనకు రానిది. అది ఆ పుస్తకంలో లేదు. మూసి పక్కన పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు గానీ పెట్టింది.

రెండోది హిందీ, లావుపాటిది. ప్రతి పనికీ ఏడెనిమిది ఫొటోలు. రాసినాయన వివరంగానే చెప్పాడు, అన్యాయంగా మాట్లాడకూడదు. కానీ ఫొటోలన్నీ నల్లటి ఊలుతో తీశారు. ఫందా ఎక్కడ మొదలై ఎక్కడ పోతున్నదో కనబడదు. పైగా గట్టి బైండు, ఒళ్లో పెట్టుకుంటే టప్పున మూసుకుపోయేది. అనంతరావు పాత ఇత్తడి తూకపు రాయి తెచ్చి పేజీమీద పెట్టాడు. అది బొమ్మమీదే కూర్చుంది. ముగ్గురూ నవ్వారు. ఎడమచేతివాళ్ల కోసం చివర్న ఒకటే మాట ఉంది: అద్దం ముందు పెట్టుకుని చూడండి.

"అద్దం సంగతి అయిపోయింది కాకూ" అని ప్రేమ్ ఫోన్ పట్టుకుని నిలబడ్డ వైనం చెప్పింది భూదేవి. అనంతరావు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

మూడోది ఇంగ్లిషు. నోటుబుక్కులా తీగచుట్టతో కట్టినది. తెరిస్తే చాపలా పరుచుకుని కదలకుండా పడుకుంది. ఫొటోలు లేవు, గీసిన బొమ్మలే. వెళ్లే ఊలు ఒక రంగు, సూదిమీది ఊలు ఒక రంగు. భూదేవికి ఇంగ్లిషు రాదు కాబట్టి రాజకుమారే పేజీ వెతికి పెట్టింది. ఎడమ పేజీలో ఆరు బొమ్మలు, కుడి పేజీలో అవే ఆరు బొమ్మలు, తిరగేసి.

కుడి పేజీలో చేతులను భూదేవి వంగి చూసింది. అవి తన చేతులు. ఊలు ఎడమ చూపుడువేలి మీంచి దిగుతోంది, సరిగ్గా తనకు దిగినట్టు. ముప్పై ఎనిమిదేళ్లలో బళ్లో గానీ ఇంట్లో గానీ ఆమె చేతికి సరిపడే బొమ్మ ఒకటి ఎవరూ చూపించలేదు. ఎక్కడో, ఏ దేశంలోనో ఒక మనిషి తనలాంటివాళ్లు కూడా ఉంటారని తలచి, కూర్చుని, ఓపిగ్గా అన్నీ రెండోసారి గీశారు.

"ఏంది బిడ్డా?"

"ఏం లేదు కాకూ" అంది, ఆ బొమ్మమీద తన ఎడమచెయ్యి ఆనించి చూసుకుంటూ.

కింద ఒక మూలన ఇంకో చిన్న బొమ్మ ఉంది. సూదుల చుట్టూ ఫందాలు మెలి తిరిగి ఉన్నాయి, దానిమీద ఎర్రటి అడ్డగీతలు. అచ్చంగా ఆమె జిలేబీయే. పక్కనే, కలిపే ముందు ఫందాల అడుగులన్నీ లోపలికి చూస్తున్నాయో లేదో సరిచూసుకునే బొమ్మ.

"గిదే నేను జెప్పేది. మంచి పుస్తకం నువ్వు ఏడ తప్పుతవో ముందుగాలనే ఎరుకున్నట్టుండాలె" అంది రాజకుమారి.

భూదేవి అక్కడే పీటమీద కూర్చుని నలభై ఎనిమిది ఫందాలు ఎక్కించింది, మూడు సూదులమీదికి పంచింది, అడుగులు లోపలికి తిప్పుకుంది, కలిపింది. రెండు వరుసలు తిరిగేసరికి చిన్న గాజంత వలయం నిటారుగా నిలబడింది. మెలిక లేదు. ఒక్క అక్షరం చదవలేదు, అయినా అయింది. దుకాణానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గుండీలు కొనడం మాని అదే చూస్తున్నారు.

చిక్కు తర్వాతి పేజీలో వచ్చింది. టోపీ నడినెత్తి దగ్గర ఫందాలు తగ్గించుకుంటూ మూసెయ్యాలి. అక్కడ బొమ్మల కన్నా రాత ఎక్కువ. రాత అంటే మాటలు కూడా కావు, ఇంగ్లిషు పొట్టి అక్షరాలూ అంకెలూ, లెక్కల పుస్తకంలా.

"గిది మీరు చదివి చెప్పుండ్రి కాకూ, గుర్తు పెట్టుకుంట."

"గుర్తు పెట్టుకునే దానికి పుస్తకమెందుకు?" రాజకుమారి కాసేపు పేజీ చూసింది. ఆమె పెళ్లికి ముందు మంచిర్యాలలో డిగ్రీ దాకా చదివిన మనిషి. "తెలుగు చదువస్తదా నీకు?"

"మాట్లాడుడే కాకూ. బళ్లె అంత మరాఠీ."

"మా పిల్లలదీ గదే కథ. పుస్తకం ఈడ పెట్టిపో. మంగళారం రా."

మంగళవారం దాకా భూదేవి ఆ వలయాన్నే అల్లుతూ పోయింది. టోపీకి కావలసిన ఎత్తు వచ్చింది, నడినెత్తి మిగిలింది. మధ్యాహ్నం పత్యం ఇచ్చి, ప్రతిభను నిద్రపుచ్చి, గోల్ బజార్‌కు నడిచింది.

రాజకుమారి పుస్తకం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. భూదేవి తెరిచింది. ప్రతి బొమ్మ పక్కన, ప్రతి పొట్టి అక్షరం కింద, ఖాళీ ఉన్న చోటల్లా పెన్సిల్ రాత. అక్షరాలు మరాఠీవి. మరాఠీ అనుకునే చదవడం మొదలుపెట్టింది. ఒక పంక్తి చదివి ఆగిపోయింది. మళ్లీ చదివింది, ఈసారి పైకి.

"రెండు ఫందాలు కలిపి ఒక్కటి జెయ్యి. భయపడకు, జారిపోదు."

అక్షరాలు మరాఠీ, మాట తెలుగు. పుస్తకాల తెలుగు కూడా కాదు, వాళ్లింట్లో మాట్లాడుకునే తెలుగు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె చదివిందంతా ఇతరుల భాషలోనే. తల్లి మాట కాగితంమీద ఉండగా తన కళ్లతో చదవడం అదే మొదలు. ఇంకో పేజీ తిప్పింది. "ఈడ అందరు తప్పుతరు. ఫందాలు లెక్కబెట్టుకో." ఇంకోటి. "గిది అయినంక చాయ్ తాగు, మెడ పట్టేస్తది."

భూదేవి నవ్వబోయింది. కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ తడిలో కూడా అక్షరాలు ఎలా ఉన్నాయో కనబడింది. పంక్తులు మెట్లు దిగినట్టు కిందికి జారాయి. కొన్ని అక్షరాలు చెరిపి రెండుసార్లు, మూడుసార్లు దిద్ది ఉన్నాయి. ఎడమచేత్తో రాసినవి.

"నాలుగు రోజుల్నుంచి దుకాణం నేనొక్కణ్ణే చూస్తున్నమ్మా" అన్నాడు అనంతరావు, నిష్ఠూరంగా కాదు. "రోగమొచ్చిన కాడికెల్లి కలం పట్టలే. సంతకం జెయ్యిమన్నా ఏలిముద్ర ఏసేది. ఈ నాలుగు రోజులు ముప్పై పేజీలు రాసింది. రాత్రి చెయ్యి నొస్తుందంటె నేనే నూనె రాసిన."

"ఊకోండ్రి, గవన్నెందుకు చెప్పుడు" అని రాజకుమారి భర్తను కసిరింది.

భూదేవి పర్సు తీసింది. పుస్తకం ఖరీదు ఇచ్చింది, వాళ్లు తీసుకున్నారు. మిగిలినదానికి ఏం ఇవ్వగలదు? పుస్తకాన్ని రెండు చేతులతో కళ్లకద్దుకుని బస్సెక్కింది. దారి పొడుగునా ఒళ్లోంచి దించలేదు.

నడినెత్తి ఆ రాత్రికే ముగిసింది. బుధవారం పొద్దున సిస్టర్ ఆ టోపీని లోపలికీ బయటికీ తిప్పి, వేలు పెట్టి తడిమి, ఎక్కడా గట్టిగా తగలకపోతే, "హా, ఇది!" అంది. పిల్లకు తొడిగింది. కనుబొమ్మల దాకా దిగి మెత్తగా కూర్చుంది. ప్రతిభ అద్దానికి మొహం ఆనించి, "వదినె, దానికి మొగం వచ్చినట్టున్నది" అంది. పక్క పెట్టెల్లోని పిల్లల తల్లులు కూడా చూశారు. వారంలో భూదేవి ఇంకో ఐదు టోపీలు అల్లింది. తర్వాత అదే పుస్తకంలో మడమ తిప్పే పేజీ తీసి, రాజకుమారి రాతను కూడబలుక్కుంటూ, బొటనవేలంత మేజోళ్లు కూడా నేర్చుకుంది. అక్కడ ఒక చోట "నాకు గూడ ఇది మూడు తాపల రాలే" అని రాసి ఉంది. మూడోసారికి భూదేవికి వచ్చింది.

దీదీకి ఫోన్ చేసి అంతా చెప్పింది. దీదీ ఒక్కో సంగతీ మళ్లీ చెప్పించుకుంది. "నీ ఎదురుగా కూర్చునేవాళ్లు దొరికారన్నమాట" అంది ఆఖరికి.

నలభై ఒకటో రోజున పిల్లను ఇంటికి పంపారు. రెండు కిలోల పైన ఉంది. ప్రేమ్ ఆటోలో చెల్లెల్నీ పిల్లనీ ఎక్కించుకుని భద్రావతి దారి పట్టాడు. "మీరు పోండ్రి, నాకొక పనున్నది" అని భూదేవి వెనక ఉండిపోయింది. పసిపిల్లను బజారు దుమ్ములోకి తీసుకెళ్లకూడదు కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసుకుంది. టోపీ, మేజోళ్లు, మధ్యలో ఆవులిస్తున్న నోరు.

రాజకుమారి ఫోన్‌ను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "బంగారు తల్లి. నూరేండ్లు బతకాలె" అంది. భూదేవి కాళ్లకు దండం పెట్టబోతే ఎడమచేత్తో భుజం పట్టి ఆపేసింది.

"కాళ్లెందుకు మొక్కుడు? పనిజేసింది నువ్వు."

"నేను జేసింది చేతితోని కాకూ. మీరు జేసింది..." అంటూ భూదేవి సంచి విప్పింది. అందులోంచి లావుపాటి సూదులు రెండు, నీలం ఊలు ఉండ తీసింది. తన పీట లాగి, ఎదురుగా కాదు, రాజకుమారి పక్కనే వేసుకుని కూర్చుంది. ఇద్దరివీ ఎడమచేతులే కదా, అద్దం అక్కర్లేదు.

"ఈ సూదిని కుడి సంకల ఒత్తిపెట్టుండ్రి. ఆ చెయ్యి ఊకె పట్టుకుంటె చాలు, ఆడాల్సిన పని లేదు. పని జేసేది గిదే" అని ఎడమచేతిని చూపించింది.

రాజకుమారి ఒక్క క్షణం వెనక్కి జరిగింది. "నాకెందుకే ఇప్పుడు? నవ్వుతరు."

"ఎవరు నవ్వుతరు? ముప్పై పేజీలు రాసినోళ్లు పది ఫందాలు ఎయ్యలేరా?"

అనంతరావు బేరానికి వచ్చినామెతో లేసు కొలుస్తూ ఇటే చూస్తున్నాడు. రాజకుమారి సూదిని సంకలో పెట్టుకుంది. మొదటి ఫందా జారిపోయింది. రెండోదీ జారింది. మూడోది నిలబడింది. చెమట పట్టిన మొహంతో, పెదవి మునిపంట పట్టుకుని, నలభై ఏళ్లు కళ్లు మూసుకుని చేసిన పనిని ఒక్కో ఫందా లెక్కపెట్టుకుంటూ చేసింది. పది ఫందాలు. ఒక వరుస. తిప్పి ఇంకో వరుస. అందులో ఒకటి కిందికి జారితే భూదేవి అందుకోబోయింది. రాజకుమారి ఒద్దని తల ఊపి, "పుస్తకం తెచ్చినవా? జారినయి అందుకునే పేజీ దియ్యి" అంది. భూదేవి తీసి ఒళ్లో పరిచింది. తన రాతను తనే చదువుకుంటూ రాజకుమారి ఆ ఫందాను మళ్లీ సూదిమీదికి ఎక్కించింది.

"చాయ్ చల్లారుతుందమ్మా, ఇద్దరిది" అన్నాడు అనంతరావు. రెండు గ్లాసులు గల్లామీద పెట్టాడు.

రాజకుమారి తల ఎత్తలేదు. "ఉండుండ్రి. ఈ వరుస గానియ్యుండ్రి."